థాయ్‌లాండ్‌లో టీచరు కావాలంటే వినకూడని సలహాలు

'ముందు టూరిస్టుగా దిగిపో, ఉద్యోగం అదే దొరుకుతుంది.' థాయ్‌లాండ్ వెళ్లి ఇంగ్లిష్ చెప్పాలనుకునే మన పిల్లలకు ముందుగా అందే సలహా ఇది. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. అక్కడ పాఠం చెప్పాలంటే బడి పంపిన పత్రాలతో తీసుకునే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా ఒకటి, వర్క్ పర్మిట్ ఇంకొకటి ఉండాలి. వీసా చేతికొచ్చింది కదా అని పర్మిట్ రాకముందే క్లాసులోకి వెళ్లినా తప్పే. పట్టుబడితే 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా వేస్తారు, దేశం నుంచి పంపేస్తారు, ఆపైన రెండేళ్ల దాకా పర్మిట్ ఇవ్వరు. ఇరవై మూడేళ్ల పిల్లకో పిల్లాడికో ఇది చిన్న దెబ్బ కాదు.

'డిగ్రీ లేకున్నా 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్ బోధన శిక్షణ) కోర్సు చాలు' అంటారు. కోర్సు మంచిదే, చేయండి. కానీ అది డిగ్రీకి బదులు కాదు. బడుల్లో చెప్పేవారికి లైసెన్సు గానీ తాత్కాలిక అనుమతి గానీ ఇచ్చేది ఖురుసఫా అనే ఉపాధ్యాయ మండలి. అది డిగ్రీ అడుగుతుంది. మన మాతృభాష ఇంగ్లిష్ కాదు కాబట్టి చాలా బడులు టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా చూస్తాయి, సాధారణంగా 600.

'ప్రొవిజనల్ ఉందిగా, ఓడీ ఎందుకు?' అనే మాట కూడా వినొద్దు. ఇప్పుడే ఓడీకి, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టాకు, దరఖాస్తు పెట్టండి. వచ్చాక పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి. టెన్త్ మెమోలో, డిగ్రీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. మనకది మామూలే. అక్కడి గుమాస్తాకు మాత్రం ఆ రెండు పేర్లూ వేరువేరు మనుషులవి. తేడా ఉంటే అఫిడవిట్ చేయించి, బడివాళ్లకు ముందే చెప్పండి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవ ద్వారా తెచ్చుకోవచ్చు, దానికి దళారి అక్కర్లేదు.

ఇక 'ఏజెంటుకు లక్షన్నర కడితే అన్నీ ఆయనే చూసుకుంటాడు' అనే మాట. రిజిస్టరైన ఏజెంటు కూడా చట్టప్రకారం 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరుందో లేదో మీరే చూడండి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని నమ్మి వెళ్లి, సరిహద్దు దాటించగా మయన్మార్ మోసాల కేంద్రాల్లో చిక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2025 మార్చిలో అలాంటి కేంద్రాల నుంచి విడిపించిన 500 మందికి పైగా భారతీయులను థాయ్ సరిహద్దు పట్టణం మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. ఆఫర్ లెటర్ రాగానే అందులోని బడికి నేరుగా ఫోన్ చేయండి. ఆ నంబరు ఏజెంటు ఇచ్చింది కాకుండా మీరు వెతికి పట్టుకున్నది కావాలి.