నా విశ్రాంతి, మా ఇంటి అవస్థ

డాక్టరుగారు నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, 150/96 అని చదివారు. మాత్ర రాయలేదు. "ముందు కాస్త టెన్షన్ తగ్గించుకోండి, నెల తర్వాత చూద్దాం" అన్నారు. వస్తూ వస్తూ ఒక బీపీ మిషన్ కొనుక్కొచ్చాను. అక్కణ్ణుంచి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు.

మొదట ఊపిరి పట్టుకున్నాను. అమెరికాలో ఆండ్రూ వీల్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చాలి, ఏడు దాకా బిగబట్టాలి, నోటితో ఎనిమిది దాకా హుష్షుమని వదలాలి. వదిలే ఊపిరి పొడుగైతే వేగస్ నాడి గుండె పరుగుకు కళ్లెం వేస్తుంది. వంటింటి గుమ్మం పక్కన గాలి బాగా ఆడుతుందని అక్కడే కూర్చున్నాను. నా హుష్షులో కుక్కర్ కూతల లెక్క తప్పి, ఆ పూట కందిపప్పు పలుకు పలుకుగా ఉండిపోయింది.

"ఊపిరి ఇంట్లో అందరం పీలుస్తూనే ఉన్నాం కదండీ, మీ ఒక్కరికే ఎందుకంత చప్పుడు?" అంది మా ఆవిడ.

సరే, చప్పుడు లేనిది చూద్దామని మర్నాడు సాయంత్రం హాల్లో చాప పరిచి వెల్లకిలా పడుకున్నాను. పావుగంట కదలకూడదు. అమ్మ దీపం పెట్టడానికి వచ్చి కెవ్వుమంది.

"ఒరేయ్, ఉత్తరం వైపు తల పెట్టావేంట్రా! అదీ దీపాల వేళ!"

"ఏం లేదమ్మా, శవాసనం" అన్నాను, ఆవిడ భయం పోగొడదామని.

ఆ పేరు చెప్పకుండా ఉండాల్సింది. నేను లేచి తలస్నానం చేసేదాకా ఆవిడ ఒత్తి వెలిగించలేదు.

తర్వాత భ్రామరి. హఠయోగ ప్రదీపిక చెప్పిన ఎనిమిది కుంభకాల్లో ఇదొకటి. నేను మాత్రం కూర్చుని, చెవులు మూసుకుని, తుమ్మెదలా ఝుమ్మనడం వరకే నేర్చుకున్నాను. చెవులు మూసుకున్నవాడికి ఇంట్లో ఎవరు ఎవరిని పిలుస్తున్నారో వినపడదు. నాకు అన్నిటికంటే నచ్చింది అందుకే. ఆ ఝుమ్మును అమ్మ నీళ్ల మోటారు అనుకుంది. ట్యాంకు నిండినా ఎవరూ కట్టెయ్యలేదని విసుక్కుంటూ వెళ్లి స్విచ్ నొక్కింది. ఆగి ఉన్న మోటారు కాస్తా మొదలైంది. డాబా మీద ట్యాంకు పొంగి, మా ఆవిడ రెండు రోజులుగా ఎండబెడుతున్న గుమ్మడి వడియాలు మళ్లీ పిండయ్యాయి. నేను కళ్లు తెరిచేసరికి అత్తాకోడళ్లిద్దరూ ఎదురుగా నిలబడి ఉన్నారు. వాళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉండగా చూడటం అదే మొదలు.

షికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు 1929లోనే ఒక పుస్తకం వేశాడు. ఒక్కో కండరాన్నీ బిగించి, వదిలి, ఆ తేడా గమనించుకోమంటాడు. ఒక రాత్రి పడుకోబోతూ కుడి పిక్క బిగించాను. అది మళ్లీ వదల్లేదు. పొద్దున్నే ఐదింటికి లేవాల్సిన మనిషి అర్ధరాత్రి దాకా నా కాలికి కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది.

ఇన్ని చేశాక నెల తిరిగేసరికి నాది 138/88. మిషన్ పట్టుకుని ఊరేగినట్టు వంటింట్లోకి వెళ్లాను.

"నీదీ చూద్దాం, రా."

"నాకెందుకు? పాలు పొయ్యి మీద పెట్టాలి."

"ఐదు నిమిషాలు. కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి, అంతే."

కూర్చుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మనిషి చేతిలో పని లేకుండా ఐదు నిమిషాలు కూర్చోగా నేను చూసిన గుర్తు లేదు. మిషన్ 152/98 అంది. రెండోసారి పెట్టాను, కాస్త అటూ ఇటూగా అదే. మిషన్ పాడైందేమోనని నా చేతికి చుట్టుకున్నాను. శుభ్రంగా పనిచేస్తోంది.

"ఎంతుంది?" అంది.

"సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం. ముందు నువ్వెళ్లి పడుకో, పాలు నేను చూసుకుంటాను."

అనుమానంగా చూసి, హాల్లోకి వెళ్లి నా చాప మీదే పడుకుంది. తల తూర్పుకే పెట్టుకుంది, ఒకరు చెప్పకుండానే. నేను పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. గుండె దడదడలాడుతుంటే నాలుగు దాకా పీల్చాను. ఏడు దాకా బిగబట్టాను. కళ్లు మూసుకుని ఎనిమిది దాకా వదులుతూ ఉండగా పొయ్యి దగ్గర హుష్షుమంది.

"పాలు!" అని హాల్లోంచి కేక.

ఆ హుష్షు నాది కాదని పడుకున్న చోటునుంచే ఆవిడకెలా తెలిసిందో!