మాన్యువల్‌లో ఉన్నదే పోశాను

ఆటోనగర్ మెకానిక్‌తో నేను ఆడిన అబద్ధం మూడు మాటలే. దాని దాకా రావాలంటే ముందు నా తెలివితేటల గురించి చెప్పాలి.

బెజవాడ ఎండలకి పల్చటి ఇంజిన్ ఆయిల్ నిలవదని నా నమ్మకం. కారుతో వచ్చిన పుస్తకంలో 0డబ్ల్యూ-20 వాడమని స్పష్టంగా ఉంది. అది మంచు దేశాల వాళ్ల కోసం రాసిందని, మైలేజీ లెక్క కోసం మన నెత్తిన రుద్దుతున్నారని తేల్చేశాను. మా నాన్న తన అంబాసిడర్‌కి చిక్కటి 20డబ్ల్యూ-50 పోసేవారు, బండి ఏళ్ల తరబడి తిరిగింది. నా దగ్గరున్న శాస్త్రమంతా అదే. "ఈ ఇంజిన్‌కి అది పొయ్యకూడదు సార్" అన్న సర్వీసు కుర్రాణ్ణి "నీ వయసెంత?" అని అడిగి, చిక్కటిదే పోయించాను.

చలికాలం పొద్దుటి పూట చెక్ ఇంజిన్ దీపం వెలిగింది. నేను ఊరుకుంటానా? ఫోన్‌కి కలిసే చిన్న స్కానర్ ఒకటి తెప్పించి, స్టీరింగ్ కింద గుచ్చి చూశాను. పీ0011. క్యామ్‌షాఫ్ట్ పొజిషన్, టైమింగ్ ముందుకెళ్లింది అని దాని తాత్పర్యం. మొదటి రెండు మాటలూ చదివి, మిగతాది చదవకుండా, క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ కొన్నాను. సెన్సార్ సర్క్యూట్ పాడైతే వచ్చే కోడ్ వేరు, పీ0340. ఇక్కడ సెన్సార్ తన పని చక్కగా చేస్తూ, షాఫ్ట్ ఉండాల్సిన చోట లేదని కబురు పంపింది. కబురు తెచ్చినవాడికే ఉద్వాసన చెప్పాను.

కోడ్ చెరిపితే దీపం ఆరింది. ఇలాంటి కోడ్‌లు చాలా కార్లలో వరసగా రెండుసార్లు తప్పు కనబడితే గానీ దీపం వెలిగించవు. ఆ సంగతి తెలియక, ఆ కాస్త విరామంలో మా బావమరిదికి ఫోన్ చేసి, మెకానిక్‌లు జనాన్ని ఎలా దోచుకుంటారో సోదాహరణంగా వివరించాను. దీపం మళ్లీ వచ్చింది. ఈసారి ఆయిల్‌ని మళ్లించే సోలినాయిడ్ వాల్వ్ కొన్నాను. పాతదాన్ని మీటర్ పెట్టి చూసింది, కొత్తది బిగించాకే. నిక్షేపంగా ఉంది.

చివరికి ఆటోనగర్ వెళ్లాను. అక్కడి కుర్రాడు కోడ్ చూసి ఏ విడిభాగం పేరూ ఎత్తలేదు. "రాత్రికి బండి ఇక్కడే వదిలెయ్యండి సార్, పొద్దున చల్లటి ఇంజిన్ మీద చూద్దాం" అన్నాడు. పొద్దున తన స్కానర్‌లో రెండు గీతలు పెట్టాడు. కంప్యూటర్ క్యామ్‌ని ఎన్ని డిగ్రీలు తిరగమంటోందో ఒక గీత, అది నిజంగా ఎంత తిరిగిందో రెండో గీత. బండి కాస్త తిప్పుకొచ్చే సరికి రెండో గీత మొదటిదాని వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. ఇంజిన్ బాగా వేడెక్కాక రెండూ దగ్గరయ్యాయి. "చైన్ సాగితే తేడా వేడికీ చలికీ ఒకేలా ఉంటుంది సార్. ఇది వేడెక్కితే తగ్గుతోంది. ఆయిల్ కదలడం లేదు" అన్నాడు.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకోవడం కుదరదు. క్యామ్‌షాఫ్ట్ చివర పళ్లచక్రంలో ఫేజర్ అని ఉంటుంది. దాని లోపలి రెక్కలకి ఒక పక్క ఆయిల్ తోస్తే షాఫ్ట్ కాస్త ముందుకి, రెండో పక్క తోస్తే వెనక్కి జరుగుతుంది. తోసే ఆయిలంతా సన్నటి దారుల్లోంచి రావాలి, అలాగే పోవాలి. పైగా, పొద్దున్నే కూలెంట్ త్వరగా వేడెక్కుతుంది, ఆయిల్ నింపాదిగా వేడెక్కుతుంది. కూలెంట్ వేడి చూసి కంప్యూటర్ పని మొదలుపెడుతుంది. వెనక్కి రమ్మంటే నా అంబాసిడర్ ఆయిల్ ఆ గదుల్లోంచి ఖాళీ అయ్యేసరికి ఆలస్యం. అందుకే 'ముందుకెళ్లింది' అని కోడ్. వంద డిగ్రీల వేడిలో కూడా 50 గ్రేడు చిక్కదనం 16.3కి తగ్గకూడదు, 20 గ్రేడుది 9.3 దాటకూడదు. చల్లగా ఉన్నప్పుడు ఆ అంతరం ఇంకా ఎక్కువ. పుస్తకం వాళ్లు మంచు దేశాన్ని కాదు, ఆ సన్నటి దారుల్ని చూసి రాశారు.

"ఏం ఆయిల్ పోశారు సార్?" అన్నాడు.

మాన్యువల్‌లో ఉన్నదే పోశానన్నాను.

అతను నమ్మాడు. "అయితే ఫేజరే అనుమానం. ఇంజిన్ ముందు కవర్ విప్పాలి" అని అంచనా ఖర్చు చెప్పాడు. ఆలోచించి చెబుతానని బండి తెచ్చేసుకున్నాను. ఊరి ఇంకో చివర, నన్నెరగని చోట, చిక్కటిదంతా దింపించి 0డబ్ల్యూ-20 పోయించాను, ఫిల్టర్ మార్పించాను. దీపం మళ్లీ వెలగలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తర్వాత బ్రేకుల పని మీద ఆటోనగర్ వెళితే అతనే ఆప్యాయంగా అడిగాడు, "ఆ కోడ్ ఏమైంది సార్?" అని. హైదరాబాద్‌లో ఫేజర్ మార్పించానన్నాను.

మొన్న వెళ్లేసరికి, నాలాంటి కారే తెచ్చుకున్న ఒక పెద్దాయనకి అతను చెబుతున్నాడు, "ఈ మోడల్‌కి ఫేజర్లు వీకండీ, ఈ సార్‌ది కూడా పోయింది" అని. ఆయన నావైపు తిరిగి ఎంతయిందని అడిగారు.

ఒక అంకె చెప్పాను.