పెరట్లో కట్టెల బాయిలరుకి బహిరంగ లేఖ

ఉత్తర విస్కాన్సిన్,
జనవరి నెల

మా పెరట్లో పాతుకుపోయిన కట్టెల బాయిలరు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలెట్టే వీల్లేదు. కుశలంగా ఉన్నది నువ్వొక్కదానివే. గారు అన్న మర్యాద కూడా పై వరుసతో సరి. బయట ఫారెన్‌హీట్‌లో సున్నాకి 15 డిగ్రీలు దిగువన ఉంది. నీ డయల్ మీద 180. ఇంట్లో థర్మోస్టాట్ మాత్రం 58 దగ్గర మొరాయించి కూర్చుంది. మా అత్తగారు స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద దుప్పటి కప్పుకుని, "ఇంత కట్టె తగలేస్తున్నారు, ఆ వేడంతా ఎవరింటికి పోతోందే?" అని అడుగుతున్నారు. నీ గురించి ఊళ్లో వాళ్లిచ్చిన సలహాలన్నిటికంటే ఆవిడ ప్రశ్నే సూటిగా ఉంది.

నీ వంశం మాకు తెలియనిది కాదు. మా అమ్మమ్మగారింట్లో స్నానాలకి నీళ్లు కాచిన రాగి బాయిలరుకి నువ్వు దూరపు చుట్టానివి. నడుమ నిప్పు, చుట్టూ నీళ్లు. కాకపోతే ఆ నీళ్లు బకెట్లో పది అడుగులు నడిస్తే స్నానాల గది వచ్చేసేది. నీ కడుపులోని వందల గాలన్లు పంపు తోస్తే 120 అడుగులు నేల కింద ప్రయాణం చేసి, మా ఫర్నేసులోని కాయిల్ గుండా తిరిగి, వేడి అక్కడ వదిలిపెట్టి వెనక్కి రావాలి. నీ డయల్ నీ కడుపులో మంటెంతో చెబుతుంది. మా గడప దాకా ఎంత చేరిందో దానికేం తెలుసు?

"ఇంకో నాలుగు మొద్దులు పడెయ్యండి" అన్నారు అందరూ. పడేశాం. కట్టె పచ్చిదేమోనన్నారు. అనుమానం సబబైనదే. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి, వాటిని ఆవిరి చెయ్యడానికే మంట సత్తువ కొంత పోతుంది. మా మొద్దుని అప్పటికప్పుడు చీల్చి, లోపలి వైపు తేమ మీటరు గుచ్చితే 20 శాతం లోపే ఉంది. బూడిద తోడాం, గోడలకి అట్టకట్టిన తారు గీకాం, ఫర్నేసు ఫిల్టరు మార్చాం. నీ నీటిమట్టం నిండుగానే ఉంది. పైపుల్లో గాలి చిక్కుకుంటే వచ్చే గుడగుడ చప్పుడు కూడా లేదు.

ఇక మిగిలింది దారి. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పైపుల్ని కొలిచాం. మెరిసే రాగి మీద ఈ పరికరం తప్పుడు అంకె చూపిస్తుంది, అందుకని కొలిచే ప్రతి చోటా నల్ల ఎలక్ట్రికల్ టేపు చుట్టాం. నీ దగ్గర బయల్దేరేటప్పుడు 180. ఇంట్లోకి వచ్చేసరికి 165. కాయిల్ దాటాక 151. తిరిగి నీ దగ్గరికి చేరేసరికి 138.

ఇప్పుడు లెక్క చూడు. నిమిషానికి ఒక గాలను చొప్పున పారే నీళ్లు ఒక్క డిగ్రీ చల్లబడితే గంటకి సుమారు 500 బీటీయూల వేడి వదులుతాయి. మా మీటరు ప్రకారం నిమిషానికి 5 గాలన్లు పారుతున్నాయి. అంటే కాయిల్ దగ్గర తగ్గిన డిగ్రీల లెక్కన మా ఇంటికి దక్కుతున్నది గంటకి 35 వేల బీటీయూలు. వస్తూ పోతూ నేల మింగుతున్నది 70 వేలు. ఇంటికి ఒక పాలు, మట్టికి రెండు పాళ్లు. నువ్వు కట్టెలోని వేడిలో సగమైనా నీళ్లకి అందిస్తున్నావనే అనుకుందాం. అప్పుడు కూడా 128 ఘనపుటడుగుల ఓక్ కట్టెల పేర్పు, ఇక్కడి వాళ్లు కార్డ్ అంటారే అది, వారానికొకటి మట్టిని వెచ్చబెట్టడానికే పోతోంది. అత్తగారి ప్రశ్నకి జవాబు దొరికింది: వేడి ఎవరింటికీ పోవడం లేదు.

సాక్ష్యం కిటికీలోంచే కనబడుతోంది. పెరడంతా మోకాలి లోతు మంచు. నీ దగ్గర్నుంచి ఇంటిదాకా మాత్రం మంచు నిలవని చార ఒకటి, అందులో జనవరిలో పచ్చగడ్డి! పాత యజమాని హయాంలో పైపులు వేసినవాడు పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టాలకి వెండిరంగు బుడగల కవరు చుట్టి, ముడతల ప్లాస్టిక్ తొడుగులో దూర్చి పూడ్చేశాడు. తొడుగులోకి నీళ్లు దిగాయి. నీళ్లలో నానే బుడగల కవరు వేడినేం ఆపుతుంది? మంచిరకం నురుగు నింపిన పైపైతే ఇంత దూరానికి ఒకటి రెండు డిగ్రీలు పోవడమే ఎక్కువ.

పైపు నేరమే కదా, నన్నెందుకు తిడతారని అడుగుతావేమో. తిరిగొచ్చే నీళ్లు 140కి దిగువకి జారితే పొగలోని తేమ నీ లోపలి గోడల మీద చెమర్చి, తారై, తుప్పై నిన్నే తినేస్తుంది. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పకుండా 180 చూపిస్తూ కూర్చున్నావు. ఇక నీ పొగ. నీళ్లు కాగగానే గాలి తలుపు మూసుకుంటావు, లోపల కట్టె మండక కుములుతుంది, ఆ పొగ పొట్టి గొట్టంలోంచి దిగి పక్కింటి వాకిట్లో పరుచుకుంటుంది. నీ జాతిని కట్టడి చెయ్యడానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2015లో నిబంధనలు తెచ్చింది, 2020 మే నుంచి ఇంకా బిగించింది. అవి కొత్తగా అమ్మేవాటికే గాని నీలాంటి పాతకాపులకి వర్తించవు. ఆ ధీమాతోనే ఉన్నట్టున్నావు.

ఇప్పుడు నేల రాయిలా గడ్డకట్టి ఉంది కాబట్టి బతికిపోయావు. మే నెలలో కాలవ తవ్వించి నురుగు పైపు వేయిస్తున్నాం. ఆ తర్వాత కూడా ఇంటి దగ్గర 175కి తక్కువ చూపిస్తే పాత ఇనుము కొనేవాడికి కబురు పెడతాం.

ఈ ఉత్తరం చదివే తెలుగువాళ్లకి ఒక మాట. ఇక్కడి పల్లెల్లో ఉద్యోగాలొచ్చి, ఇలాంటి బాయిలరున్న ఇల్లు బేరమాడుతుంటే, చలికాలంలోనే వెళ్లి చూడండి. సంతకం పెట్టేముందు పైపు వేడి రెండు కొసల దగ్గరా కొలిపించండి. పెరట్లో మంచు నిలవని చార కనిపిస్తే, ఆ కాలవ ఖర్చు ఇంటి ధరలోంచి తగ్గించమనండి.

ఇట్లు,
దుప్పట్లలోంచి,
ఆ ఇంటి కోడలు