సెమికోలనాంత సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: డ్రా (0,0) టు[ఆర్=ఆర్1] (2,0) టు[సి=సి1] (2,-2);

అవతారిక: మౌస్ పట్టుకుని సర్క్యూట్ గీసేవాడు పామరుడు, లేటెక్‌లో ఆజ్ఞలు టైపు చేసి గీయించేవాడే పండితుడు అని మా శాఖలో ఇప్పుడు సిద్ధాంతం. ఈ శాస్త్రం పేరు సర్క్యుటిక్జ్. మిలాన్ పాలిటెక్నిక్‌లో అభ్యాసాలకూ పరీక్ష పేపర్లకూ పనికొస్తుందని 2007లో మాసిమో రెడాయెల్లి రాసుకున్నారు. పాపం, దోషం ఆయనది కాదు.

ప్రతిపదార్థం: డ్రా, (0,0) = స్పష్టము. ఆర్ = రెసిస్టరు. ఇక్కడ కొంచెం ఆగాలి. రెసిస్టరుకు రెండు సంప్రదాయాలు. అమెరికన్లది రంపపు పళ్ళ గీత, ఐరోపా వారిది ఖాళీ పెట్టె. అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం పెట్టె పక్షం. ఈ ప్యాకేజీ, మనం ఊరుకుంటే, పళ్ళే వేస్తుంది; 'యూరోపియన్ రెసిస్టర్స్' అని ముందే సంకల్పం చెప్పుకుంటే పెట్టె ప్రత్యక్షమవుతుంది. వడగలై, తెంగలై నామాల తగాదా లాంటిదే ఇదీ. ఏ నామం పెట్టినా లోపలున్న ఓమ్ సూత్రం ఒక్కటే. పళ్ళు మూడుండాలా నాలుగుండాలా అన్న మీమాంస వేరే గ్రంథానికి చాలు. అప్రస్తుతం చెప్పనని ఒట్టు పెట్టుకున్నవాడు వ్యాఖ్యాత మల్లినాథ సూరి. మాకు అటువంటి ఒట్టేమీ లేదు.

సి = పై విధముననే ఊహించుకోవలెను.

; = సూత్రానికి ప్రాణం. ఇది మరిస్తే యంత్రం ఈ దారి వదిలేస్తున్నానంటుంది. పైగా, సెమికోలన్ మరిచావా అని అడుగుతుంది. అంత తెలిసిన తల్లి తానే పెట్టుకోవచ్చుగా! రెండో సంవత్సరం పిల్లలు దీనికోసం అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నారు. పొద్దున వైవాలో, కెపాసిటరు మీద వోల్టేజీ ఉన్నట్టుండి ఎందుకు మారదమ్మా అంటే నేలచూపులు.

విశేషం: 1973లో బర్కిలీ నుంచి వచ్చిన సర్క్యూట్ సిమ్యులేటరు స్పైస్‌కూ సర్క్యూట్‌ను అక్షరాల్లోనే చెప్పేవారు, పంచ్ కార్డుల మీద. అది లెక్క కట్టి వోల్టేజీలు చేతిలో పెట్టేది. ఇది పెట్టేది బొమ్మ మాత్రమే. పై మూలమే చూడండి: బ్యాటరీ లేదు, తిరుగు తీగ లేదు, సర్క్యూట్ పూర్తే కాలేదు. యంత్రం కిక్కురుమనకుండా ముచ్చటగా గీసిపెట్టింది.

తాత్పర్యం: పుస్తకం రాసేవారికి, వంద బొమ్మలు ఒకే తీరులో కావలసినవారికి ఇది వరమే. కానీ అయ్యవార్లూ, ల్యాబ్ రికార్డులో పెన్సిలుతో సరిగ్గా గీసిన పిల్లలకు మార్కులు కొయ్యకండి.