మా బావ విమానం

మా బావకి విమానం ఉంది. అమలాపురంలో, మేడ మీద గదిలో, కొబ్బరికాయల రాశి పక్కన ఉంటుంది. ఊరికి రైలు ఇప్పటికీ లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను పుణ్యమా అని గోదావరిలో స్తంభాలు మాత్రం లేచాయి. ఇక లాభం లేదనుకున్నాడో ఏమో, బావ ఏకంగా విమానమే ఎక్కేశాడు. 2020 ఆగస్టులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. దాన్ని కంప్యూటర్లో పెట్టుకోడానికే 150 జీబీ జాగా కావాలి. పెళ్లి వీడియో తీసేసి జాగా చేశాడు. ఈ మాట మా అక్కతో అనకండి.

ఈ రకం మనుషులు మీ ఇంట్లోనూ ఉంటారు. బుల్లెట్టు బండి కొని, ఎక్కకుండా తుడుస్తూ కూచునే బాపతు. బావా అంతే. ఎగరడు, ఎగరడానికి కంప్యూటర్ని తయారుచేస్తూ ఉంటాడు. రాజమండ్రి మధురపూడి రన్‌వే మీద ఇంజను గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఆయన చూపు మాత్రం తెర మూలనున్న అంకె మీద. సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెప్పే అంకె అది. "ఇరవై రెండేరా అబ్బాయ్" అంటాడు, థర్మామీటరు చూసి జ్వరం చెప్పినట్టు.

పోయినేడు ఒక కొబ్బరి దింపు డబ్బంతా పోసి గ్రాఫిక్స్ కార్డు తెప్పించాడు. అంకె ఇరవై ఆరయింది. నేను నవ్వాపుకోలేకపోయాను. "పెళ్లి భోజనాలు చూళ్లేదట్రా? వంటాయన ఒక్కడే. వడ్డించేవాళ్లని పదిమందిని పెడితే మటుకు, గంగాళంలో కూర ఉడకాలా వద్దా? ఈ ఆటలో పని చాలావరకు ప్రాసెసర్లో ఒక్క కోరు మీదే పడుతుంది. కార్డు గరిటె పట్టుకుని నిలబడుతుంది, అంతే" అన్నాడు బావ. నిజం చెప్పొద్దూ, ఇంత బాగా ఎవరూ చెప్పలేరు. కాకపోతే ఆ జ్ఞానం కార్డు కొన్నాక వచ్చింది.

చివరికి షాపు కుర్రాణ్ణి పిలిపించాం. పక్కరేకు విప్పి ఫ్యాను చూపించాడు. రెక్కలకి కొబ్బరి పీచు దుమ్ము, నూనె జిడ్డుతో కలిసి పిడకలా అట్టకట్టింది. "ఆయ్, ఇది కంప్యూటరాండీ, పీచు మిల్లాండీ?" అన్నాడు. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుందట. బ్రష్షు పెట్టి దులిపి, కొత్త పేస్టు రాసి, మూడొందలు పుచ్చుకున్నాడు. అంకె ముప్పై ఒకటి! కార్డు సంగతి ఆ పూట ఎవరమూ ఎత్తలేదు.

బావకి అదీ చాల్లేదు. 1982లో ఈ ఆట మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు గీతలు గీస్తే నేల అనుకునేవారు. ఇప్పుడు ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి ఊళ్లనీ, చెట్లనీ అదే నిలబెడుతుంది. ఆ చెట్లు తగ్గిస్తే ఫ్రేములు పెరుగుతాయి. గట్టు మీద ఒక్క కొబ్బరిచెట్టు కోసం పెదనాన్న మీద పదకొండేళ్లు కోర్టులో పోరాడిన వంశం వాళ్లది. అలాంటివాడు ఒక్క మౌస్ నొక్కుతో కోనసీమంతా కొట్టేశాడు! తర్వాత మబ్బులు తీసేశాడు. తర్వాత నీడలు.

నేనేదో తక్కువ తిన్నానని కాదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ముందు తెలుగు ఫాంటు మూడుసార్లు మార్చాను, కీబోర్డు తుడిచాను, ఒక పూట గడిచిపోయింది. 2024 నవంబరులో ఆటకి కొత్తది వచ్చిందనీ, దానికి 32 జీబీ ర్యామ్ ఉంటే బాగుంటుందనీ, వచ్చే దింపు దాకా ఆగమనీ బావకి చెప్పిందీ నేనే.

మొన్న ఆదివారం బతిమాలితే ఎట్టకేలకి ఎగిరాడు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి, గౌతమి పట్టుకుని, కొత్తపేట మీదుగా మా ఇంటి నెత్తి మీదకొచ్చాడు. అక్క కాఫీ పట్టుకొచ్చింది.

"ఏ ఊరిది?"

"మనూరే."

"మరి చెట్లేవి?"

"నలభై నాలుగు" అన్నాడు బావ, మీసం మీద చెయ్యేసి.

అంతలో కరెంటు పోయింది.