గీజరుకు బోరు, వాకిలికి గోదావరి

బోథ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒక మధ్యతరగతి ఇంటి నీటి పంపకాన్ని శ్రద్ధగా పరిశీలించిన వారికి, ఆ ఇంట్లో నీరు మూడు రకాలుగా ఉంటుందనీ, ఏ రకం ఎక్కడికి పోవాలో సరిగ్గా అక్కడికి తప్ప మిగతా అన్ని చోట్లకూ పోతుందనీ తేలుతుంది. బోరు నీరు మోటారు సాయంతో మిద్దెమీది ట్యాంకుకెక్కి, అక్కడినుంచి గీజరుకూ, బట్టల మిషన్‌కూ, స్నానాల గదికీ దర్జాగా దిగుతుంది. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ తాగునీటి పథకం పుణ్యమా అని, పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ జలాశయంలో బయలుదేరి, శుద్ధి కేంద్రంలో వడపోతకు గురై, గుట్టలెక్కి దిగి ఇంత దూరం వచ్చిన గోదావరి నీరు మాత్రం వాకిట్లోని నల్లా దగ్గరే ఆగిపోయి, సాన్పు చల్లడానికీ, అంట్లు తోమడానికీ, మందార చెట్టుకూ ఖర్చవుతుంది. తాగడానికి మూడో రకం, అంటే డబ్బిచ్చి కొన్న 20 లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాను, వేరే వస్తుంది.

ఈ పంపకంలోని విశేషం అర్థం కావాలంటే నీటి కఠినత్వం సంగతి కొంత తెలియాలి. భూమి పొరల్లోనుంచి ఊరే నీరు దారిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అవి ఎక్కువైన నీటిని కఠిన జలమనీ, తక్కువగా ఉన్నదానిని మృదు జలమనీ అంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వాన్ని సమ్మతిస్తుంది. వేరే గతి లేనిచోట 600 దాకా ఓర్చుకుంటుంది. శాస్త్రజ్ఞులు సాధారణంగా 60 లోపు ఉన్నదానినే మృదు జలమంటారు కాబట్టి, ఎండాకాలం అడుగంటినప్పుడూ వానాకాలం వరదెత్తినప్పుడూ ఒకే తీరుగా ఉండని గోదావరికి ఆ బిరుదు ఏడాది పొడవునా ఇవ్వడం కుదరదు. అయినా మన బోరు పక్కన నిలబెడితే అది మెత్తనిదే.

బోరు నీటి ప్రతాపం మొదట కందిపప్పు మీద కనబడుతుంది. గింజలోని పెక్టిన్ అనే బంక పదార్థంతో కాల్షియం జతకట్టి దానిని గట్టిపరుస్తుంది కనుక, కుక్కర్ ఎన్ని కూతలు వేసినా పప్పు పలుకు పలుకుగానే మిగులుతుంది. నింద కుక్కర్ రబ్బరుకూ, కిరాణా దుకాణానికీ, చివరికి కోడలికీ చేరుతుంది గానీ బోరుకు ఎన్నడూ చేరదు.

గీజరులో జరిగేది ఇంకా గంభీరమైన వ్యవహారం. నీటిలోని బైకార్బనేట్లు వేడికి విడిపోయి కార్బనేటుగా మారి, నీటిలో కరిగి ఉండలేక, వేడిచేసే కడ్డీ మీదనే గట్టిగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని నీటికి సరిగా అందనివ్వదు కాబట్టి కడ్డీ తనలో తానే ఉడికిపోతుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది, బకెట్టులో నీళ్లు మాత్రం గోరువెచ్చన దాటవు. చివరికి మెకానిక్ వచ్చి గీజరు అడుగు విప్పితే కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లని పెచ్చులు గుప్పెళ్ల కొద్దీ రాలతాయి. వాటిని చూసి ఇంటి యజమాని కంపెనీని తిడతాడు.

అట్లని మెత్తని నీటిని అమాయకురాలిగా చిత్రించడమూ న్యాయం కాదు. బోరు నీటికి అలవాటైన చేయి బట్టల మిషన్‌లో పోసే సబ్బు పొడిని మెత్తని నీటిలోనూ అంతే పోస్తే, నురగ డ్రమ్ము నిండి మూత సందుల్లోనుంచి బయటికి వస్తుంది. ఆ నురగ మెత్తలో బట్టలు ఒకదానితో ఒకటి రాసుకోవు కాబట్టి మురికీ వదలదు. స్నానం చేసినవారు ఒళ్లు జారుతోందనీ, సబ్బు పోలేదనీ ఇంకో రెండు చెంబులు గుమ్మరించుకుంటారు. నిజానికి బోరు నీటి స్నానం తర్వాత చర్మం మీద తగిలే ఆ గరగరను ఇన్నాళ్లూ శుభ్రతగా భావించారు గానీ, సబ్బుతో కాల్షియం కలిసి ఏర్పడిన తెట్టెకు అందులో పెద్ద వాటా ఉంది.

పాత ఇనుప పైపుల కథ వేరు. వాటి చిల్లులను ఏళ్ల తరబడి మూసి ఉంచింది ప్లంబరు పనితనం కాదు, లోపల పేరుకున్న సున్నపు పొర. నీటి తీరు మారితే ఆ పొర కొంత వదులై, కింద దాగిన తుప్పు ఎర్రగా బకెట్టులోకి దిగుతుంది, మంచి నీరు వచ్చాకే పైపు చెడిందన్న అపవాదు పుడుతుంది. స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి 1859లో కాట్రిన్ సరస్సు నుంచి చాలా మెత్తని నీరు తెచ్చుకున్నారు. రక్షణ పొర కట్టని ఆ నీరు ఇళ్లలోని సీసపు గొట్టాల నుంచి సీసాన్ని కరిగించుకోవడంతో, తర్వాతి కాలంలో అందులో సున్నం, ఫాస్ఫేటు కలపవలసి వచ్చింది. అదే దేశానికి చెందిన థామస్ క్లార్క్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1841లోనే నీటిలోని సున్నాన్ని సున్నం వేసి తీసే పద్ధతికి పేటెంటు పొందాడు, అంటే ముల్లును ముల్లుతోనే తీశాడు. ప్లాస్టిక్ పైపులు వేసుకున్న ఇళ్లకు ఈ తుప్పు బెడద లేదు.

ఇక క్యాను నీటిని వడపోసే ఆర్వో యంత్రాల విషయం. లీటరుకు 500 మిల్లీగ్రాముల కన్నా తక్కువ లవణాలున్న నీటికి ఆర్వో యంత్రాలు వాడకుండా నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో ఆదేశించింది. నల్లా నీరు ఆ హద్దు లోపల ఉందో లేదో అరచేతిలో ఇమిడే చిన్న మీటరు చెబుతుంది. కఠినత్వాన్ని తెలుసుకోవడానికి అదీ అక్కర్లేదు, రెండు సీసాల్లో రెండు నీళ్లు పోసి, ఒక్కో చిటికెడు ఒంటి సబ్బు తురుము వేసి ఊపితే, నురగ ఎక్కడ నిలిచిందో, తెట్టె ఎక్కడ తేలిందో ఎవరికైనా కనబడుతుంది.

మెత్తని నీటిని గీజరుకు పంపాలని నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే పక్కింటి బిందె ఎండుతుంది కాబట్టి, నేలలో చిన్న సంపు కట్టించి దానినుంచి గీజరుకు నీరెక్కించడం సరైన మార్గం. అంత ఖర్చు ఇప్పట్లో పెట్టలేని గృహస్థులకు ఒక్క మనవి: నల్లా వచ్చిన పూట రెండు డ్రమ్ములు నింపి పెట్టుకుని, బట్టల మిషన్‌లో బకెట్లతో ఆ నీటినే పోసి, సబ్బు పొడి మాత్రం సగమే వేయండి.