తలకట్టు బాబాయ్

గురజాల బస్టాండు చుట్టూ డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ దుకాణాలు ఉన్నంతకాలం ఈ మనిషి మనకు తప్పడు. వయసు యాభై దాటింది. జేబులో పెన్నుండదు, ప్లాస్టిక్ స్కేలుంటుంది. ఒకప్పుడు పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కొట్టి సంసారం ఈదాడు. అప్పట్లో అందరిలాగే అక్షరం కనబడితే చదివేవాడు. అట్లాంటివాడికి ఎవరో కుర్రాడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలకు అవయవాలుంటాయట. ఆర్‌కు కాలు, ఎస్‌కు వెన్నెముక, క్యూకు తోక, చిన్న బడి జీకి చెవి, చిన్న బడి ఈకి కన్ను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి మాకు పట్టనివ్వలేదు.

ఇంగ్లీషువాళ్లకే అన్ని అవయవాలుంటే మనకెన్ని ఉండాలని బయల్దేరాడు. మొదట దొరికింది ఊరి బోర్డే. దానికింద నిలబడి, యార్డుకు మిరప టిక్కీలు తోలుకుపోతున్న రైతును ఆపాడు.

"గు చూడు, ర చూడు. రెంటికీ నెత్తిన తలకట్టుంది. జాకు, లకు లేదు. మన ఊరి పేరులో సగం బోడితలలే!"

"అయితే ఏందంట?"

"ఏందీ లేదు. చూడమంటున్నా."

పేరు ఆ రోజే పడింది. నిజానికి ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఖ, జ, ట, ణ, బ, ల పుట్టుకతోనే తలకట్టు లేనివి. ఉన్నవాటికీ అది శాశ్వతం కాదు. గుడిలోకి పోయేవాడు తలపాగా తీసినట్టు, గుడి రాగానే క తలకట్టు తీసేసి కి అవుతుంది. రెండో క్లాసులో ఇదంతా చేత్తో దిద్దినవాళ్లమే, కంటితో చూసినవాళ్లం మాత్రం కాదు. ఆ వయసులో తప్పిపోయిన ఆశ్చర్యం బాబాయికి యాభయ్యో ఏట, వడ్డీతో సహా వచ్చింది.

ఆయన చేతికి శుభలేఖ ఇవ్వకూడదు. ఇస్తే పెళ్లికొడుకెవరో చూడడు. "పెద్దనలో వేశార్రా!" అంటాడు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన ఫాంట్లలో కొన్నింటికి రాయలనాటి కవుల పేర్లు పెట్టారు గదా. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, చివరికి శ్రీకృష్ణదేవరాయలు కూడా గూగుల్ ఫాంట్స్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతారు. దాంతో బాబాయి మాటలు కొత్తవాళ్లకు అంతుబట్టవు. "ఎరువుల కొట్టుకు ధూర్జటి నప్పలేదు" అంటే అదేదో సాహిత్య విమర్శ అనుకుని దణ్ణం పెట్టి పోయినవాళ్లున్నారు. పెళ్లెప్పుడని పిన్ని అడిగితే కార్డు మళ్లీ తీసి చూస్తాడు. ఈసారి సున్నలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూస్తాడు.

జిల్లా రాజకీయాల మీద కూడా ఆయనకో సిద్ధాంతముంది. మాచర్ల, పిడుగురాళ్ల, దాచేపల్లి... ఈ మూడింటికీ కింద ఒత్తులు వేలాడుతుంటాయి. బోర్డు మీద వరసలు దగ్గరగా వేస్తే పైవరస ఒత్తు వచ్చి కిందివరస గుడి మీద కూర్చుంటుంది. నరసరావుపేటకు ఆ బాధ లేదు, ఒక్క ఒత్తూ లేని పేరు, ఎంత ఇరుకులో అయినా ఇమిడిపోతుంది. 2022లో పల్నాడు జిల్లా పెట్టినప్పుడు కేంద్రం అక్కడికి పోవడానికి కారణం ఇదేనంటాడు.

"మరి గురజాలకూ ఒత్తు లేదుగా బాబాయ్?"

"అదేరా నా బాధ!"

ఇక ఫ్లెక్సీ దుకాణం. అక్కడ ఆయనకు కుర్చీ వెయ్యరు, అయినా నిలబడే ఉంటాడు. ఒకనాడు ఎవరిదో పెద్దాయన ఫొటోతో సంతాపం ఫ్లెక్సీ తయారవుతోంది. పోయినాయన కొడుకు పక్కనే ఉన్నాడు. తెర మీద శ్రద్ధాంజలి ముక్కలై పడుంది. శ నెత్తిన పొల్లు, దాని పక్కన ర వేరుగా, ద నెత్తిన పొల్లు, దాని పక్కన ధా వేరుగా.

"ఆపరా! ద కింద ఉండాల్సిన ధావత్తు పక్కకొచ్చి నిలబడిందేందిరా?"

"సాఫ్ట్‌వేర్ అట్టనే తీసుకుంటంది బాబాయ్."

"అది తీసుకుంటే నువ్వు ఊరుకుంటావా? క్రావడి ఏదిరా? శను చుట్టుకోవాల్సింది!"

కొడుకు దగ్గరికొచ్చాడు. "బాబాయ్, మా నాయన పోయి ఇంకా మూడు రోజులు కాలా."

"అందుకేగదరా అనేది. ఆయన ఎట్టాగూ పోయాడు, ఒత్తులన్నా పోకుండా చూడండి!"

ఆ మాట అనాల్సింది కాదు, నిజమే. కానీ ఈ ఒక్క విషయంలో నేను బాబాయి పక్షం. యూనికోడ్‌లో ఒత్తుకంటూ విడిగా సంకేతం లేదు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరసగా వస్తే వాటిని ఒకదానికింద ఒకటి పేర్చి చూపించాల్సిన పని సాఫ్ట్‌వేర్‌ది. తెలుగు తెలియని సాఫ్ట్‌వేర్ మూడింటినీ రోడ్డు మీద వదిలేసిపోతుంది. అట్లా వదిలేసినవాటిని మన ఊళ్లలో పదడుగుల ఎత్తున కట్టి, పూలదండ కూడా వేస్తున్నాం. ఆ రోజు బాబాయి కదల్లేదు. కుర్రాడు చివరికి పాత అను ఫాంటులో మళ్లీ కొట్టాడు. ఒత్తులు గూటికి చేరాయి. కొడుకు మాత్రం ఇప్పటికీ బాబాయితో మాట్లాడడు.

చుట్టాలతో నాగార్జునకొండకు పోయినప్పుడూ ఇదే వరస. లాంచీ దిగి అందరూ మ్యూజియంలో బుద్ధుడి శిల్పాలు చూస్తుంటే, ఈయన ఇక్ష్వాకుల శాసనం ముందు పాతుకుపోయాడు. మూడో శతాబ్దపు బ్రాహ్మి లిపి, ప్రాకృత భాష. నిలువుగీతలను కిందికి సాగదీసి, చివర ఒయ్యారంగా వంపు తిప్పారు. ఒక్క ముక్క అర్థమైందా అని బావమరిది ఎకసెక్కం చేస్తే, "చదవలేను గనకే ఇంత బాగా కనబడుతున్నాయిరా" అన్నాడు. ఆయన జబ్బు గురించి ఆయనే చెప్పిన ఒకే ఒక్క సరైన మాట అది.

మొన్న మాచర్లలో తోడల్లుడి కూతురికి పెళ్లిచూపులు. పెద్దమనిషిగా బాబాయి ఉండి తీరాలన్నారు. పిన్ని ముందు రోజే వెళ్లింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్టాండుకొచ్చాడు. బస్సొచ్చింది. దానికి చుక్కల లైట్ల బోర్డు. ర కింద లావత్తుకు చోటు చాలక సగానికి తెగిపోయింది. బాబాయి ఎక్కలేదు.

తర్వాత వచ్చింది ఆటో. వెనక వైపు ఎవరో చేత్తో, కుంచెతో రాశారు. గీత ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ సన్నబడాలో తెలిసిన చెయ్యి. స్కేలు తీసి కొలిచాడు. రాసినదెవరని డ్రైవర్ని అడిగితే, దాచేపల్లిలో ఒక ముసలాయన, ఫ్లెక్సీలొచ్చాక పని మానేశాడని చెప్పాడు. ఆటో పోయేదీ అటే.

మధ్యాహ్నం తోడల్లుడి ఫోన్.

"అన్నయ్యా, పెళ్లివారు లేవబోతున్నారు, ఎక్కడున్నావు?"

"దాచేపల్లిలో."

"ఆడ నీకేం పని?"

"ఆ సంగతి తర్వాత. ముందు పిల్లాడి బయోడేటా ఫొటో తీసి పంపు. ఏ ఫాంటులో కొట్టించారో చూసి చెప్తా."